మళ్లీ ఎందుకు తిప్పేవు?

1941 డిసెంబరు 10, బుధవారం. పగలు పదకొండు గంటల నలభై నాలుగు నిమిషాలు.

మలయా తూర్పు తీరంలో క్వాంటన్ అనే రేవు ఉంది. దానికి తూర్పున, ఒడ్డు కనిపించనంత దూరంలో, బ్రిటిష్ యుద్ధనౌక ప్రిన్స్ ఆఫ్ వేల్స్ 25 నాట్ల వేగంతో పరుగెడుతోంది. నిండా బరువు వేసుకుంటే 40,000 టన్నులు దాటే ఓడ. అంత బరువునీ నాలుగు షాఫ్టులు తోస్తాయి. షాఫ్టుకో ఇంజన్ గది, గదికో అక్షరం పేరు. ఓడ వెనక నుంచి ముందుకి చూస్తే ఎడమ పక్క అన్నిటికన్నా బయట తిరిగే షాఫ్టు ‘బి’ గదిది. ఆ వేళ ఆ గది లెఫ్టినెంట్ వైల్డిష్ చేతిలో ఉంది.

ఇంజన్ గదిలో ఉన్నవాడికి సముద్రం కనబడదు, ఆకాశమూ కనబడదు. పైన తుపాకులు పేలుతుంటే ఆ మోత ఉక్కు గోడల్లోంచి వినాల్సిందే. ఓడ పక్కకి ఒరిగితే, పైవాళ్లు ఏదో తప్పించుకోడానికి చుక్కాని తిప్పారని కాళ్లకి తెలుస్తుంది. భూమధ్యరేఖకి నాలుగు డిగ్రీల దూరంలో, ఆవిరి గొట్టాల మధ్య నిలబడ్డ మనిషి ఒంటి మీద చొక్కా ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

సైగాన్ వైపు నుంచి వచ్చిన జపాన్ టార్పెడో విమానాలు నీటిని రాసుకుంటున్నంత కిందికి దిగాయి. ఒక టార్పెడో ఎడమ పక్క, వెనకాల, నీటి అడుగున తగిలింది. సరిగ్గా ‘బి’ షాఫ్టు ఓడలోంచి బయటికొచ్చి ఫ్యానుకి చేరే చోట.

దెబ్బ తగిలిన చోటు చిన్నదే. దాని తరవాత జరిగినదే ఈ కథ.

ఫ్యాను అంటే ప్రొపెల్లరు. మా కాకినాడ జగన్నాథపురంలో బోట్ల వాళ్లు అలాగే అంటారు, నేనూ అలాగే రాస్తాను. షాఫ్టు ఓడ పొట్టలోంచి బయటికి వచ్చాక, చివర ఫ్యాను బరువుకి వేలాడిపోకుండా, ఓడ అడుగు నుంచి రెండు కాళ్లు దిగి దాన్ని పట్టుకుంటాయి. తిరగేసిన ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంలా ఉంటుంది. ‘ఏ’ బ్రాకెట్టు అంటారు. మా ఊళ్లో చేపల వేటకెళ్లే సోనా బోటులో అయితే చేత్తో ఎత్తొచ్చు. యుద్ధనౌకది అంతకి అంత. ఏ బోటుకైనా ఏ ఓడకైనా ఆ బ్రాకెట్టు పని ఒక్కటే: షాఫ్టుని కదలకుండా పట్టుకుంటూ, తిరగనివ్వడం.

టార్పెడో ఆ బ్రాకెట్టుని తెంపేసింది. ఫ్యాను మటుకు తిరుగుతూనే ఉంది. పట్టుకునేవాడు లేడు.

నాలుగు షాఫ్టులకీ కలిపి 1,10,000 గుర్రాల బలం. అందులో పావు వంతు ఒక చివర తోస్తుంటే, రెండో చివర ఫ్యాను తాడు చివర రాయిలా ఊగింది. షాఫ్టు వంగింది. వంగిన షాఫ్టు తిరిగితే అది ఇరుసు కాదు, రోకలి. దారిలో ఎన్ని గోడలున్నాయో అన్నిటినీ దంచుతుంది. ఓడ మొత్తం ఒణికిందని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు.

ఆ గోడల సంగతి చెప్పాలి. ఓడలో ఒక గదికి నీళ్లొస్తే పక్క గదికి పోకుండా అడ్డుగోడలుంటాయి. షాఫ్టు మాత్రం వాటన్నిటినీ దాటుకుంటూ పోవాల్సిందే. అందుకని దాటే ప్రతిచోటా గ్లాండు పెడతారు. షాఫ్టు చుట్టూ బిగించిన కాలరు లాంటిది. షాఫ్టు తిరగాలి, నీళ్లు మాత్రం రాకూడదు. ఇప్పుడు ఆ గ్లాండులన్నీ ఒకదాని తరవాత ఒకటి చీలిపోయాయి.

‘బి’ గదిలో షాఫ్టుని ఆపారు. అది సరైన పనే.

ఆ తరవాత, అది ఇంకా పనికొస్తుందేమో చూడాలి కదా, మళ్లీ తిప్పారు. తిప్పగానే షాఫ్టు దారమ్మట నీళ్లు విరుచుకుపడ్డాయి. గది వదిలేసి పైకి రావాల్సొచ్చింది. ఇది ఎవరో ఊహించి రాసింది కాదు. వైల్డిష్ బతికి బయటపడ్డాడు, విచారణలో ఆయనే చెప్పాడు.

*

నేను ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టేశాను. చెవిలో ఒక గొంతు వినిపించింది. ఇంగ్లీషువాడిది కాదు, మా ఊరివాడిది.

‘ఆపేవు, బానే ఉంది. మళ్లీ ఎందుకు తిప్పేవురా?’

ఆ గొంతు మా మేనమామ బోటు బాగు చేసిన మేస్త్రిది. అసలు పేరుతో ఆయన్ని ఎవరూ పిలవరు, మేస్త్రి గారు అంతే. అరవై దాటిన మనిషి. నోట్లో చుట్ట ఉంటుంది కానీ వెలిగించి ఉండదు. డీజిలు దగ్గర పని కాబట్టి వెలిగించడు, అలవాటు కాబట్టి తీయడు.

వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో అయిపోతుంది. ఆ అరవై ఒక్క రోజులూ బోట్లన్నీ కాలవలో నిద్రపోతాయి. నిషేధం ఎత్తేశాక మొదటి వారాల్లోనే మామయ్య సోనా బోటుకి ఈ ఆపద వచ్చింది. హోప్ ఐలాండ్ దాటి బాగా బయటికెళ్లారు. ఎవరో తెంపుకుని వదిలేసిన పాత వలముక్క, నైలాను తాడుతో సహా, నీటి కింద తేలుతోంది. ఫ్యాను దాన్ని లాక్కుని చుట్టేసుకుంది. ధడేల్మని ఒక్క చప్పుడు. తరవాత బోటు మొత్తం ఒణుకు. పొయ్యి మీద గిన్నె ఎగిరి కింద పడిందని కళాసీ ఒకడు చెప్పాడు.

డ్రైవరు గేరు తీసేశాడు. ఒణుకు ఆగింది. ఒక కుర్రాడు నడుముకి తాడు కట్టుకుని, కత్తి పళ్ల మధ్య పెట్టుకుని దిగాడు. అరగంట సేపు మునుగుతూ తేలుతూ నైలాను అంతా కోసేశాడు. పైకొచ్చి ‘ఫ్యాను బానే ఉంది మావా, రెక్క వంగలేదు’ అన్నాడు. డ్రైవరు మళ్లీ గేరు వేశాడు. ఒణుకు మళ్లీ వచ్చింది, కానీ మొదటంత కాదు. ‘పర్లేదు, మెల్లిగా పోదాం’ అనుకున్నాడు.

గంట గడవకుండా కింద గ్లాండు దగ్గర పొగ. దానిలో కుక్కిన తాడు కాలిపోయి, షాఫ్టు చుట్టూ నీళ్లు చిమ్ముతున్నాయి. పంపు చాల్లేదు, బకెట్లతో తోడారు. ఆఖరికి వేరే బోటు వాళ్లు తాడేసి లాక్కొచ్చారు. పట్టిన చేపంతా ఐసు కరిగి పాడైంది. ఆ నష్టం మామయ్య ఇప్పటికీ తలుచుకుంటాడు. నీళ్లు ఎంత దాకా వచ్చాయో మాత్రం అత్తయ్యకి చెప్పలేదు.

*

బోటుని ఒడ్డుకి లాగిన రోజు నేను అక్కడే ఉన్నాను. మేస్త్రి గారు వచ్చి ముందు ఏమీ ముట్టుకోలేదు. నీడలో కూచుని డ్రైవర్ని పిలిచారు.

‘చప్పుడు ముందా, ఒణుకు ముందా?’

‘చప్పుడండి.’

‘గేరు తీసేక ఇంజను రేజు చేసి చూసేవా? అప్పుడు ఒణికిందా?’

‘లేదండి. గేరేస్తేనే ఒణుకు.’

‘అయితే ఇంజను మీద నింద లేదు. స్పీడు పెంచితే ఒణుకు పెరిగిందా?’

‘పెరిగిందండి. తగ్గిస్తే తగ్గేది.’

‘నువ్వు తగ్గించి తెచ్చేవు. గొప్ప పని చేసేవు,’ అన్నారు మేస్త్రి గారు. ఆ గొంతులో మెచ్చుకోలు లేదు. ‘ఆపేవు, బానే ఉంది. తాడు కోసేరు, అదీ బానే ఉంది. షాఫ్టుని చేత్తో ఓసారి తిప్పి చూడకుండా గేరు మళ్లీ ఎందుకేసేవు? మళ్లీ ఎందుకు తిప్పేవురా?’

డ్రైవరు నేల చూపులు చూశాడు. నాకు జాలేసింది. నడి సముద్రంలో ఇంజను ఆగి, కింద ఐసు కరుగుతూ, పైన మబ్బు పడుతుంటే ‘చేత్తో తిప్పి చూద్దాం’ అనే ఓపిక ఎవడికి ఉంటుంది?

మేస్త్రి గారు చొక్కా విప్పి ఇంజను పక్కకి దిగారు. ముందు గ్లాండు. నట్టు విప్పి లోపలి నుంచి కాలిన తాడు కొక్కెంతో లాగారు. నల్లగా, బొగ్గు పుల్లలా వచ్చింది. వాసన చూసి పక్కన పడేశారు. ఆ తరవాత గేరు బాక్సునీ షాఫ్టునీ కలిపే కప్లింగు బోల్టులు విప్పి, రెండు చక్రాల్నీ విడదీశారు. ఇప్పుడు షాఫ్టుకి ఇంజనుతో సంబంధం లేదు.

‘రా అబ్బాయ్, చెయ్యి పెట్టు’ అన్నారు. ఇద్దరం రెండు చేతులతో షాఫ్టు పట్టుకుని తిప్పాం. కాస్త తేలిగ్గా కదిలింది, తరవాత ఒకచోట బిగిసింది, మళ్లీ తేలికైంది. ఇంకో చుట్టు. మళ్లీ అదే చోట బిగిసింది. మేస్త్రి గారు సుద్దముక్కతో షాఫ్టు మీద అక్కడ గీత పెట్టారు. మూడో చుట్టు. గీత మళ్లీ పైకి వచ్చేసరికి బిగుతు.

‘తెలిసిందా?’ అన్నారు. నాకు తెలియలేదు.

‘బిగుతు అన్నిచోట్లా ఒకేలా ఉంటే బుష్షుదో, లైనుదో తప్పు. గీత వచ్చినప్పుడే బిగిసిందంటే ఆ తప్పు షాఫ్టుతో పాటు తిరుగుతోందన్నమాట. షాఫ్టు వంగింది.’

బయటికి వచ్చి బోటు వెనక్కి వెళ్లారు. ఒక ఇనుప తీగ తెచ్చి బ్రాకెట్టుకి చుట్టి, దాని మొన షాఫ్టుకి వెంట్రుక వాసి దూరంలో నిలిపారు. నన్ను లోపల తిప్పమన్నారు. తిప్పుతుంటే మొనకీ షాఫ్టుకీ మధ్య సందు పెరగడం, తగ్గడం కంటికే కనిపించింది. పనిముట్టు లేదు, మీటరు లేదు. పైసా ఖర్చు లేని తీగముక్క.

తరవాత ఫ్యానుని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపారు. బ్రాకెట్టు లోపల రబ్బరు గాడుల బుష్షు ఉంటుంది. దానికి నూనె అక్కర్లేదు, సముద్రపు నీళ్లే దాని నూనె. గాడుల్లోంచి నీళ్లు పారుతూ షాఫ్టుని తడుపుతాయి. ఇప్పుడా బుష్షు ఒక పక్కే అరిగిపోయి షాఫ్టు లొడలొడలాడుతోంది. రబ్బరు రాకముందు ఈ పని చెక్కతో చేసేవారట. 1850లలో జాన్ పెన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, ఇత్తడి బేరింగులు ఇట్టే అరిగిపోయి ఓడలు కారిపోతుంటే, లిగ్నం వైటే అనే బరువైన చెక్క బద్దలు పేర్చి చూశాడు. ఇత్తడి నిలవని చోట చెక్క నిలబడింది. దాంతో ఫ్యాను ఓడలు ధైర్యంగా సముద్రాలు దాటాయి. ఇది మేస్త్రి గారికి చెప్తే ఆశ్చర్యపోలేదు. ‘చెక్క నీళ్లు తాగుతుంది కదా’ అన్నారు. అంతే.

షాఫ్టు బయటికి రావాలంటే అది వెనక్కే రావాలి. వెనకాల చుక్కాని అడ్డం. కాబట్టి ముందు చుక్కాని విప్పాలి. దానికి ఒక పూట పట్టింది. ఫ్యాను విప్పడానికి ఇంకో పూట. షాఫ్టు చివర సన్నగా దిగే టేపరు మీద ఫ్యాను కూచుంటుంది, అది జారిపోకుండా ఒక ‘కీ’ ముక్క, పైన నట్టు, నట్టుకి పిన్ను. ఉప్పునీళ్లలో ఏళ్లు గడిచాక ఆ మూడూ ఒకటే లోహం అయిపోతాయి. ఒక కుర్రాడు సుత్తి ఎత్తి రెక్క మీద వేయబోతే మేస్త్రి గారు అరిచిన అరుపుకి కాలవ అవతలి ఒడ్డున వల కుట్టుకునేవాళ్లు తలెత్తి చూశారు. పుల్లరు బిగించి, మెల్లిమెల్లిగా తిప్పుతూ లాగితే, సాయంత్రానికి తుపాకి పేలినట్టు ఒక్క చప్పుడుతో ఊడొచ్చింది.

రెక్కల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. రెక్క విరిగితే బోటు నెమ్మదిస్తుందని ఎవరైనా అనుకుంటారు. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఇంగ్లీషు రైతు 1837లో లండన్ దగ్గర పాడింగ్టన్ కాలవలో చిన్న ఆవిరి పడవకి చెక్క మర ఒకటి బిగించి నడిపాడు. అది రెండు చుట్లు తిరిగిన పొడుగాటి మర. ఏదో తగిలి సగం విరిగిపోయింది. పడవ వేగం పెరిగింది! అవసరం లేనిదేదో కాలవే విరిచి చూపించింది. మా మామయ్యకి మాత్రం అలాంటి అదృష్టం పట్టలేదు.

*

లేతు షాపులో షాఫ్టుని రెండు వి బ్లాకుల మీద పడుకోబెట్టారు. దాని మీద డయల్ గేజి నిలబెట్టి మెల్లిగా తిప్పారు. అంగుళంలో వెయ్యో వంతుని చూపించే సూది అది. గేరు వైపు చివర దాదాపు కదల్లేదు. ఫ్యాను వైపు వచ్చేసరికి గోడ గడియారం లోలకంలా అటూ ఇటూ కొట్టుకుంది. లేతు కుర్రాడు ఈల వేశాడు.

వంగిన షాఫ్టుని మళ్లీ నిటారు చేయొచ్చు. కానీ అది పగిలి ఉండకూడదు. ‘కీ’ గాడి మూల దగ్గర కంటికి కనిపించని పగుళ్లు పుడతాయి. మేస్త్రి గారు అక్కడ కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, గుడ్డతో పొడిగా తుడిచేశారు. దాని మీద సుద్దపొడి చల్లారు. పగులుంటే లోపలికి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్దలో వెంట్రుకంత నల్ల గీత తేలుతుంది. అయిదు నిమిషాలు ముగ్గురం ఆ తెల్లటి మచ్చని చూస్తూ నిలబడ్డాం. పరీక్ష ఫలితాల కోసం కూడా నేను అంత కళ్లార్పకుండా చూసినట్టు గుర్తు లేదు. గీత రాలేదు. మామయ్య పక్కకి తిరిగి చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

ప్రెస్సు కింద పెట్టి, వంపు ఉన్న మూపు మీద గుర్తు పెట్టి, కొంచెం నొక్కడం, వదలడం, మళ్లీ సూది చూడడం. ఇనుము మొండిది. ఎంత నొక్కితే అంత రాదు, కాస్త వెనక్కి పోతుంది. అందుకని కావలసినదానికన్నా ఒక పిసరు ఎక్కువ నొక్కాలి. ఎంత పిసరో ఏ పుస్తకంలోనూ ఉండదు. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా అదే పని. ఆఖరికి సూది ఊగడం మానేసింది.

కొత్త బుష్షు పడింది. ఫ్యాను లోపలి టేపరుకి నీలం రంగు పూసి, షాఫ్టు మీద కూచోబెట్టి తీసి, ఎక్కడెక్కడ అంటిందో చూసి, అంటనిచోట గ్రైండింగు పేస్టుతో నూరారు. గ్లాండుకి కొత్త గ్రాఫైటు తాడు. షాఫ్టు చుట్టూ ఒకే తాడుని స్ప్రింగులా చుట్టేస్తారేమో అనుకున్నాను. కాదు. ఒక్కో చుట్టుకి ఒక్కో ముక్క, ఏటవాలుగా కోసి, ఒకదాని అతుకు మీద ఇంకోదాని అతుకు పడకుండా పేర్చారు. అతుకులన్నీ ఒకే వరసలో ఉంటే నీళ్లకి దారి మనమే వేసినట్టు.

అంతా బిగించి బోటుని నీళ్లలోకి దింపాక, కప్లింగు మాత్రం బిగించలేదు. మామయ్యకి తొందర. ‘ఇయ్యాల బిగించేద్దాం మేస్త్రి గారూ, రేపు వేటకెళ్లాలి’ అన్నాడు.

‘చెక్క బోటయ్యా ఇది. ఒడ్డు మీద ఒక ఆకారం, నీళ్లలో ఒక ఆకారం. కూచోనీ. రేపు చూద్దాం.’

*

ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌కి రేపు లేదు.

షాఫ్టు తెరిచిన దారిలోంచి సుమారు 2,400 టన్నుల నీరు లోపలికి వచ్చిందని లెక్క. ఓడ ఎడమకి పదకొండున్నర డిగ్రీలు ఒరిగింది. వేగం 25 నుంచి 16 నాట్లకి పడింది. ఎడమ పక్క రెండు షాఫ్టులూ ఆగాయి. వెనక సగంలో కరెంటు పోయింది. కరెంటుతో పాటు నీళ్లు తోడే పంపులు, గాలి పంపే ఫ్యాన్లు, విమానాల మీదికి పేలాల్సిన తుపాకుల్ని తిప్పే మోటార్లు, అన్నీ పోయాయి. చుక్కాని మాట వినలేదు. ‘ఓడ మా అదుపులో లేదు’ అని చెప్పే గుర్తులు స్తంభానికి ఎత్తారు. అప్పటికి దెబ్బ తగిలి అరగంట.

పన్నెండుంబావు దాటాక మరో విమానాల దండు వచ్చింది. తప్పుకోలేని ఓడకి కుడి పక్క మూడు టార్పెడోలు తగిలాయి. అందులో ఒకటి కుడివైపు బయటి షాఫ్టుని లోపలి షాఫ్టు మీదికి వంచేసింది. నాలుగింట ఇక తిరిగేది ఒక్కటే. తోడుగా వచ్చిన రిపల్స్ అనే యుద్ధనౌక పన్నెండు గంటల ముప్పై మూడు నిమిషాలకి మునిగింది. ఎక్స్‌ప్రెస్ అనే చిన్న డిస్ట్రాయరు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పక్కకి ఆనుకుని మనుషుల్ని దించుకుంది. ఒంటిగంటా పద్దెనిమిదికి పెద్ద ఓడ తిరగబడి మునిగింది. రెండు ఓడల్లో కలిపి 840 మంది పోయారు. అడ్మిరల్ టామ్ ఫిలిప్స్, కెప్టెన్ జాన్ లీచ్ ఓడతో పాటే పోయారు.

ఇక్కడ ఒక వింత ఉంది. ఆ ఏడాది మే 24న ఇదే ప్రిన్స్ ఆఫ్ వేల్స్ జర్మన్ల యుద్ధనౌక బిస్మార్క్‌తో తలపడి గుండు తగిలించింది. రెండు రోజులకి బిస్మార్క్‌ని కదలకుండా చేసింది కూడా విమానం వేసిన ఒక్క టార్పెడోయే, తగిలింది వెనక చుక్కాని దగ్గరే. ఆగస్టులో చర్చిల్ ఇదే ఓడెక్కి రూజ్‌వెల్ట్‌ని కలవడానికి న్యూఫౌండ్లండ్ వెళ్లాడు. డిసెంబరు 2న అది సింగపూరు చేరింది. ఎనిమిది రోజుల తరవాత లేదు.

మనకేం సంబంధం అనుకోవద్దు. ఆ రెండు ఓడలూ పోయాక బంగాళాఖాతానికి కాపలా పలచబడింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, మా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ దళాన్ని నడిపిన ఒజావా, మలయా మీదికి సైన్యాన్ని తెచ్చిన జపాన్ ఓడలకి కాపు కాసిన వాడే. ఊళ్లు ఖాళీ చేసి జనం బళ్లు కట్టుకుని లోపలి పల్లెలకి పోయారు. మా అమ్మమ్మ ఎవరి వయసైనా ‘జపానోడి బాంబుకి ముందా, తరవాతా?’ అని అడిగి లెక్క కట్టేది. ఆ లెక్కకి మొదటి అంకె ఎక్కడో క్వాంటన్ దగ్గర ఒక బ్రాకెట్టు తెగినప్పుడు పడిందని ఆవిడకి తెలిసే అవకాశం లేదు.

1942లో బ్రిటన్‌లో బక్‌నిల్ కమిటీ విచారణ చేసింది. ఒక్క దెబ్బకి ఇంత పెద్ద ఓడ ఇలా అయిపోతుందంటే వాళ్లకి నమ్మకం కుదరలేదు. ఎడమ పక్క రెండు టార్పెడోలు ఒకేసారి తగిలి ఉండాలని తేల్చారు. ఓడ అరవై ఎనిమిది మీటర్ల లోతున బోర్లా పడి ఉంది, వెళ్లి చూసేవాడు లేడు. మా లేతు షాపు భాషలో చెప్పాలంటే, షాఫ్టు విప్పకుండానే బిల్లు రాశారు.

2007లో గజ ఈతగాళ్లు కెమెరాలతో దిగి ఓడ అడుగంతా చూశారు. బోర్లా పడటం ఒక రకంగా మేలైంది, అడుగే పైకి ఉంది. మొత్తం టార్పెడో దెబ్బలు నాలుగే. కుడి పక్క మూడు, ఎడమ పక్క ఒక్కటి. ఆ ఒక్కటీ ‘బి’ షాఫ్టు బయటికొచ్చే చోటే. రెండో రంధ్రం లేదు. మిగతా పనంతా షాఫ్టే చేసింది. రోగం ఏమిటో తేలడానికి అరవై ఆరేళ్లు పట్టింది.

వైల్డిష్‌ని నేను తప్పు పట్టలేను. మామయ్య డ్రైవరుకి మబ్బు ఒక్కటే భయం. వైల్డిష్‌కి పైన విమానాలున్నాయి, ఓడకి వేగం కావాలి, పదహారు వందల మంది ఆ వేగం మీద ఆధారపడి ఉన్నారు. నీటి కింద బ్రాకెట్టు ఉందో లేదో చూసే కిటికీ ఇంజన్ గదిలో ఉండదు. తీగముక్క కట్టి చూసే వ్యవధీ లేదు. తిప్పకపోతే ఓడ నిలబడేదా అంటే, మొదటి దెబ్బకే గ్లాండులు చాలావరకు పోయాయి. అయినా తిప్పాక వచ్చిన నీళ్లని కూడా లెక్కలో వేయాల్సిందే.

*

మర్నాడు పొద్దున్న మేస్త్రి గారు ఫీలర్ గేజి తీసుకొచ్చారు. విసనకర్రలా విప్పితే ఒక్కో రేకూ ఒక్కో మందం. కప్లింగు రెండు చక్రాల్నీ దగ్గరికి తెచ్చి, మధ్య సందులో రేకు దూర్చి చూశారు. పైన, కింద, ఎడమ, కుడి. కప్లింగు ఆరంగుళాల వెడల్పు. అంగుళానికి వెయ్యో వంతు చొప్పున, ఆరు వెయ్యో వంతులకి మించి తేడా ఉండకూడదని ఆయన లెక్క. కింద సందు ఎక్కువుంది. ఇంజను కాళ్ల కింద పల్చటి రేకు ముక్కలు ఒక్కొక్కటే పెడుతూ, తీస్తూ, మళ్లీ కొలుస్తూ పది దాటింది. మామయ్య మూడుసార్లు టీ తెప్పించాడు.

ఆ టీల మధ్యే నేను ఓడ కథ మొత్తం చెప్పాను. డ్రైవరు పనాపి విన్నాడు. మేస్త్రి గారు రేకు మీంచి కన్ను తీయకుండా విన్నారు. అయిపోయాక అడిగారు:

‘ఈతగాళ్లు దిగేరన్నావు. షాఫ్టు విప్పి చూసేరా?’

‘లేదండి. అది సమాధి కింద లెక్క. బయటి నుంచి చూశారు, ఫొటోలు తీశారు.’

‘ఊఁ’ అన్నారు. నాలుగు బోల్టులూ వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించారు. ‘ఆ ఇంజను ఆయన, పాపం, చేత్తో తిప్పి చూసే సైజు కాదు కదా’ అని తనలో తాను అనుకుని, డ్రైవరు వైపు చూశారు. ‘నీది ఆ సైజేరా.’

ఇంజను స్టార్టు చేసి, బోటుని జెట్టీకి కట్టి ఉంచి గేరు వేయించారు. గ్లాండు పక్కన బోర్లా పడుకుని టార్చి వేశారు. ఒక చుక్క. చాలాసేపటికి ఇంకో చుక్క. అసలు కారకపోతే మంచిది కదా అన్నాను. కారకపోతే తాడు ఎండి కాలిపోతుందన్నారు. షాఫ్టు మీద అరచేయి ఆనించి వేడి చూశారు, నట్టుని పావు చుట్టు వదులు చేశారు, మళ్లీ లెక్కపెట్టడం మొదలెట్టారు. పైనుంచి మామయ్య ‘ఎన్నండీ?’ అని అరుస్తున్నాడు. పోటు నిండుకి వస్తోంది, మొగ దాటాలంటే ఇదే అదను. మేస్త్రి గారు జవాబు చెప్పలేదు. వేళ్లు మడుస్తున్నారు.